ముందు మూత విప్పండి, స్విచ్ సంగతి తర్వాత

పాత కంప్యూటర్ల శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే ప్రశ్నతో ముగిశాయి: "స్విచ్ వేసి చూడమంటారా?" ఇప్పుడే వద్దు. అందరికీ నా సమాధానం అదే. ఎందుకు వద్దో, ఎప్పుడు వేయవచ్చో ఒక్కొక్కరికీ విడిగా రాస్తున్నాను.

ప్రశ్న: మా నాన్నగారు వాడిన 386 కంప్యూటర్ చాలా ఏళ్లుగా అటక మీద ఉంది. ఆయన వర్డ్‌స్టార్ అనే పాత రాత ప్రోగ్రామ్‌లో రాసుకున్న వ్యాసాలు, ఉత్తరాలు దాని హార్డ్ డిస్కులోనే ఉన్నాయి. ఆయన ఇప్పుడు లేరు. ప్లగ్గు పెట్టి చూద్దామని అన్నయ్య తొందరపెడుతున్నాడు. నాకేమో భయంగా ఉంది. (ఒక పాఠకురాలు)

జవాబు: మీ భయం సబబే అమ్మా. అన్నయ్యను కొన్నాళ్లు ఆగమనండి. ఆ పెట్టెలో మదర్‌బోర్డు పోతే మరొకటి వెతకవచ్చు, పవర్ సప్లై పోతే బాగుచేయవచ్చు. మీ నాన్నగారి ఉత్తరాలు మాత్రం ఒక్కచోటే ఉన్నాయి. ముందు వాటిని బయటికి తీయాలి. కంప్యూటర్‌ను నడిపించడం ఆ తర్వాతి పని.

ప్లగ్గు జోలికి పోకుండా మూత విప్పండి. కీబోర్డు తీగ తగిలే గుండ్రటి సాకెట్ దగ్గర, మదర్‌బోర్డు మీద, రంగు తొడుగు వేసిన పీపా ఆకారపు చిన్న బ్యాటరీ ఉంటుంది. అది 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ. కంప్యూటర్ ఆపి ఉన్నప్పుడు గడియారాన్ని, సెట్టింగులను నిలిపి ఉంచడం దాని పని. 386, 486 బోర్డులను ఇంతగా పాడుచేసినది మరొకటి నేను చూడలేదు. లోపలి క్షారం కారి ముందు కాళ్ల చుట్టూ తెల్లటి పొడిగా పేరుకుంటుంది. తర్వాత రాగిని పట్టి చిలుముగా మారుతుంది. పైకి కనిపించేది కొంతే. బోర్డు మీది ఆకుపచ్చ పూత కింద, రాగి ట్రాకుల వెంబడి అది పాకుతూ పోతుంది. అలా తిన్న చోట ట్రాక్ నల్లగా కనిపిస్తుంది. సూదిమొనతో తాకితే పూత పొరగా లేస్తుంది, కింద రాగి ఉండవలసిన చోట పొడి రాలుతుంది. కీబోర్డు కంట్రోలర్ చిప్ చాలా బోర్డుల్లో ఆ పక్కనే ఉంటుంది కాబట్టి మొదటి దెబ్బ దానికే తగులుతుంది. మిగతాదంతా పనిచేస్తూ కీబోర్డు మాత్రం పలకని బోర్డు దొరికితే నేను ముందు చూసేది ఆ మూలనే.

బ్యాటరీ కాళ్లను కటింగ్ ప్లయర్‌తో కత్తిరించి తీసేయండి. చేతులకు తొడుగులు ఉండాలి. బాగా ఉన్నట్టు కనిపించినా తీసేయవలసిందే, ఇందులో మినహాయింపు లేదు. కారిన చోట పాత టూత్‌బ్రష్షుతో కొద్దిగా వెనిగర్ రాయండి. క్షారానికి విరుగుడు బలహీనమైన ఆమ్లమే. నురగ ఆగాక డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. వెనిగర్‌ను అలాగే వదిలేస్తే అదీ రాగిని తింటుంది. కడగడం మానవద్దు. తెగిన ట్రాకులను మల్టీమీటర్‌తో పట్టుకుని సన్నటి తీగతో కలపవచ్చు, అది తీరిక ఉన్నప్పుడు చేసుకునే పని. కొత్త బ్యాటరీ కింద 3 వోల్టుల నాణెం సెల్ పెట్టదలిస్తే దారిలో, కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడ్ ఒకటి తప్పనిసరి. పాత బోర్డు తన బ్యాటరీని చార్జ్ చేస్తుంది. చార్జ్ చేయకూడని లిథియం సెల్‌లోకి ఆ కరెంటు పోతే ప్రమాదం.

ఇక అసలు విషయం, హార్డ్ డిస్క్. దాన్ని ఆ కంప్యూటర్‌లోనే నడిపించనక్కరలేదు, నడిపించకూడదు కూడా. స్క్రూలు విప్పి బయటికి తీయండి. పైన అంటించిన లేబుల్‌ను ఫొటో తీసుకోండి. డిస్కులో చోటును లెక్కించే సిలిండర్లు, హెడ్లు, సెక్టార్లు అనే మూడు అంకెలు చాలా డిస్కుల మీద అచ్చువేసి ఉంటాయి. బ్యాటరీ పోయిన కంప్యూటర్ వాటిని మరిచిపోయి ఉంటుంది. రేపు ఆ డిస్కును తిరిగి అందులో పెట్టేటప్పుడు సెటప్ తెరలో వాటిని మీరే చెప్పాలి. బయాస్‌లో, అంటే కంప్యూటర్ మొదలవగానే నడిచే ప్రోగ్రామ్‌లో, 47వ రకం అని ఉంటే సాధారణంగా ఈ అంకెలు చేత్తో నింపడానికి ఉంచిన ఖాళీ అది.

యూఎస్‌బీ అడాప్టర్ తగిలించి చదవవచ్చని చాలామంది చెబుతారు. సెక్టార్లను ఒకే వరుస నంబర్లతో పిలిచే ఎల్‌బీఏ పద్ధతి అంత పాత డిస్కులకు తెలియదు, ఎక్కువ అడాప్టర్లకు అది తప్ప మరొకటి తెలియదు. అందుకని డిస్క్ పాడైందని పొరపడి వదిలేసినవారున్నారు. మదర్‌బోర్డు మీదే ఐడీఈ అనే పాత హార్డ్ డిస్కుల సాకెట్ ఉన్న, కొంచెం పాతదైన మంచి కంప్యూటర్ ఒకటి సంపాదించి, దానికి తగిలించి, లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో మొత్తం డిస్కుకు నకలు తీయించండి. ఫైళ్లను ఏరుకోవడం ఆ నకలు మీదే. డిస్క్ తిరగకపోతే తట్టడం, కొట్టడం చేయవద్దు. డిస్కును చదివే హెడ్లు లోపలి పళ్లేనికి అతుక్కుని ఉండవచ్చు, వాటిని విడిపించడం చేయి తిరిగినవారి పని.

నకలు చేతికొచ్చాక ఇంకొక చిక్కు ఎదురవుతుంది, కంగారు పడవద్దు. వర్డ్‌స్టార్ ఫైలును మామూలు ఎడిటర్‌లో తెరిస్తే చాలా ఇంగ్లిష్ పదాల చివరి అక్షరం వింత గుర్తుగా కనిపిస్తుంది. ఫైలు చెడిపోలేదు. పదం ఎక్కడ ముగిసిందో గుర్తుపెట్టుకోవడానికి ఆ చివరి అక్షరపు ఎనిమిదో బిట్‌ను వర్డ్‌స్టార్ 1గా మార్చి దాచుకునేది. ప్రతి బైటులోనూ ఆ ఒక్క బిట్‌ను సున్నా చేసే చిన్న ప్రోగ్రామ్ చాలు, మాటలన్నీ సరిగా వస్తాయి. వచ్చాక నాకొక ఉత్తరం ముక్క రాయండి. నిజంగా ఎదురుచూస్తాను.

ప్రశ్న: పై ఉత్తరంలో ఉన్నలాంటి కంప్యూటరే నాదీ. బ్యాటరీ తీసేశాను, డిస్క్ నకలు తీశాను. ఇప్పుడైనా స్విచ్ వేయవచ్చా? (ఒక ఇంజనీరింగ్ విద్యార్థి)

జవాబు: పవర్ సప్లైని విడిగా పరీక్షించాక వేయండి. బోర్డు నుంచి దాన్ని విడదీసి, 5 వోల్టుల లైను మీద కొంత లోడ్ పెట్టండి. ఆ కాలపు సప్లైలు లోడ్ లేకుండా చాలాసార్లు మొదలే కావు. 5, 12 వోల్టులు సరిగా ఉన్నాయో లేదో మీటర్‌తో చూడండి. ముందువైపు ఉండే పెద్ద స్విచ్‌కు వచ్చే తీగల్లో గోడ కరెంటే ఉంటుంది. వాటి తొడుగు ఊడి ఉంటే ముట్టుకోవద్దు.

తిరిగి కలిపేటప్పుడు మదర్‌బోర్డుకు రెండు కనెక్టర్లు పక్కపక్కన వస్తాయి, పీ8, పీ9. అవి తారుమారుగా కూడా పట్టేస్తాయి. అలా పడితే బోర్డు పోయినట్టే. రెండింటి నల్ల తీగలు మధ్యలో ఒకదాని పక్కన ఒకటి రావాలి. నలుపు పక్కన నలుపు. ఇది గోడ మీద రాసి పెట్టుకోండి.

అంతా కలిపాక ఫ్యాన్ ఒక్కసారి కదిలి ఆగిపోతే సప్లైని తప్పుపట్టవద్దు. బోర్డు మీదో కార్డుల మీదో పూసలంత ఉండే టాంటలం కెపాసిటర్లలో (విద్యుత్తును కొద్దిసేపు నిలవచేసే భాగాలు) ఒకటి షార్ట్ అయి ఉంటుంది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ నుంచి ఈ జబ్బు మామూలే. ఏళ్ల తరబడి ఖాళీగా ఉండి, ఒక్కసారి 12 వోల్టులు తగలగానే షార్ట్ అవుతుంది, ఒక్కోసారి పేలుతుంది. కాబట్టి మొదటిసారి కళ్లద్దాలు పెట్టుకుని, బోర్డు మీదికి వంగకుండా స్విచ్ వేయండి. 12 వోల్టుల లైను మీద 16 వోల్టుల వరకు తట్టుకునేది ఉంటే దాని స్థానంలో 25 వోల్టులు తట్టుకునేది వేయండి. ప్లస్ వైపు ఏదో తీసేముందే ఫొటో తీసుకోండి.

ప్రశ్న: నా దగ్గరున్న కంప్యూటర్ పెట్టె పాతబడి పసుపుపచ్చగా మారింది. హైడ్రోజన్ పెరాక్సైడ్ రాసి ఎండలో పెడితే కొత్తదానిలా తెల్లబడుతుందని విన్నాను. చేయమంటారా? (ఒక పాఠకుడు)

జవాబు: చేయవద్దనే నా సలహా. నా సలహా నచ్చనివారు చాలామంది ఉన్నారని తెలుసు. వారి దగ్గర మెరిసిపోయే కంప్యూటర్లు ఉన్నాయని కూడా తెలుసు.

ఆ పెట్టెలు ఏబీఎస్ ప్లాస్టిక్‌వి. నిప్పు అంటుకోకుండా అందులో బ్రోమిన్ ఉన్న రసాయనాలు కలిపేవారు. ఎండలోని అతినీలలోహిత కాంతికి, వేడికి, గాలికి ప్లాస్టిక్‌లో వచ్చే మార్పే ఆ పసుపు. ఒకే కంప్యూటర్‌లో మూత పచ్చబడి ముందుపలక తెల్లగా ఉండటం మీరు చూసే ఉంటారు, ఒక్కొక్క భాగానికి పోసిన ప్లాస్టిక్ పాళ్లు వేరు. 2008 ప్రాంతంలో అభిరుచిపరులు రెట్రోబ్రైట్ అని పేరుపెట్టి పెరాక్సైడ్ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. పెరాక్సైడ్, అతినీలలోహిత కాంతి కలిసి రంగును పోగొట్టే మాట నిజం. తిరిగి పచ్చబడే మాటా నిజమే. చీకటి గదిలో పెట్టినవి కూడా కొన్నేళ్లకు పచ్చబడ్డాయి. పైగా క్రీము ఒకచోట ఆరి ఇంకొకచోట తడిగా ఉంటే పాలరాతి చారల్లాంటి మచ్చలు పడతాయి. వాటిని పోగొట్టే మార్గం లేదు. అంత గాఢమైన పెరాక్సైడ్ చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు.

గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా సబ్బు, మెత్తని గుడ్డ. ముందు బోర్డులు, తీగలు అన్నీ తీసి పక్కన పెట్టి, ఒట్టి ప్లాస్టిక్‌ను మాత్రమే కడగండి. అసిటోన్ దగ్గరికి కూడా రానీయవద్దు, ఏబీఎస్‌ను అది కరిగించేస్తుంది. వెనక అంటించిన సీరియల్ నంబరు కాగితాన్ని, ఎవరో పెన్నుతో రాసుకున్న పేరును, డ్రైవు మీద అంటించిన "ఇది పనిచేయదు" అన్న చీటీని అలాగే ఉంచండి. ఆ కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి గురించి మనకు మిగిలిన సమాచారం అంతే. ఆ చీటీలున్న పచ్చటి పెట్టె అంటేనే నాకు ఇష్టం.

ప్రశ్న: కమడోర్ 64 ఒకటి దొరికింది, దాని పవర్ సప్లైతో సహా. స్విచ్ వేస్తే ఎర్రదీపం వెలుగుతోంది, తెర మాత్రం నల్లగా ఉంది. ఏ చిప్ మార్చాలి? (ఒక పాఠకుడు)

జవాబు: ఏ చిప్పూ వద్దు, ముందు ఆ సప్లైని పక్కన పడేయండి. 1982లో ఆ కంప్యూటర్ వచ్చినప్పటి నుంచి దానికి శత్రువు ఆ బరువైన ఇటుకే. లోపలి 5 వోల్టుల రెగ్యులేటర్‌ను గట్టిపడిన రెజిన్‌లో పాతిపెట్టారు. వేడి బయటికి పోదు, విప్పి బాగుచేయడం కష్టం. రెగ్యులేటర్ పాడైనప్పుడు వోల్టేజీ ఆగిపోదు, పెరుగుతుంది. పెరిగిన వోల్టేజీ నేరుగా మెమరీ చిప్పులకు తగులుతుంది. ఈ రోజు కొలిస్తే సరిగ్గా 5 చూపించవచ్చు, వేడెక్కిన అరగంటకు 6 దాటవచ్చు. ఎర్రదీపం 5 వోల్టుల లైనులో కరెంటు వస్తోందని మాత్రమే చెబుతుంది, ఎన్ని వస్తున్నాయో చెప్పదు. రెండో లైను 9 వోల్టుల ఏసీ గురించి అసలే చెప్పదు.

కొత్తగా తయారైన సప్లై తగిలించాక కూడా తెర నల్లగానే ఉంటే, ఏ చిప్ ఎప్పుడు పలకాలో నిర్ణయించే పీఎల్ఏ చిప్‌ను అనుమానించండి. వేలు పెట్టలేనంత వేడిగా ఉంటే అనుమానం బలపడుతుంది. మెమరీ అయితే డెడ్ టెస్ట్ అనే కార్ట్రిడ్జ్ సాయపడుతుంది. తొలి బోర్డుల్లో 64 కిలోబైట్ల మెమరీ ఎనిమిది చిప్పుల్లో, చిప్పుకు ఒక్కొక్క బిట్ చొప్పున పంచి ఉంటుంది. తెర ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెడితే పోయిన చిప్ ఏదో ఆ కార్ట్రిడ్జ్ చెబుతుంది. ఇంత చక్కటి పరీక్ష సాధనాన్ని ఆ కాలంలోనే తయారుచేసినవారి మీద నాకు చాలా గౌరవం. ధ్వని చిప్ సిడ్‌ను మాత్రం నిష్కారణంగా సాకెట్ నుంచి పీకవద్దు. అది ఇప్పుడు ఎవరూ తయారుచేయడం లేదు.

ప్రశ్న: మెకింటాష్ ఎస్ఈ/30 తెర మీద అడ్డగీతలు తప్ప ఏమీ రావడం లేదు, శబ్దం లేదు. లోపల చూడవచ్చా? (ఒక పాఠకురాలు)

జవాబు: చూడవచ్చు, జాగ్రత్తలతో. 1989లో వచ్చిన ఈ కంప్యూటర్ పొట్టలో పిక్చర్ ట్యూబ్ ఉంది. ప్లగ్గు తీసేసినా ట్యూబ్ పక్కన ఎర్రతీగ మూత కింద వేల వోల్టులు నిలిచి ఉండవచ్చు. దాన్ని డిస్చార్జ్ చేయడం తెలిసినవారు పక్కన లేకపోతే మూత విప్పవద్దు. ట్యూబ్ వెనక సన్నటి మెడకు చేయి తగిలితే విరిగిపోతుంది, అది కూడా గుర్తుంచుకోండి.

మదర్‌బోర్డు బయటికి లాగాక ముందుగా లిథియం బ్యాటరీ తీయండి. సగం పెన్సిల్ సెల్ అంత ఉండే ఆ 3.6 వోల్టుల బ్యాటరీ పగిలితే బోర్డునే కాదు, లోపలి ఇనుప చట్రాన్ని కూడా తుప్పుగా మార్చేస్తుంది. తర్వాత 47 మైక్రోఫారడ్ల గుండ్రటి అల్యూమినియం కెపాసిటర్లను చూడండి. వాటి అడుగున టంకం మెరుపు పోయి మసకబారి ఉందా? మీ జబ్బు అదే. లోపలి ద్రవం కారింది. ముందు శబ్దం తగ్గుతుంది, తర్వాత అడ్డగీతలు వస్తాయి. మీ వర్ణన అచ్చంగా అదే వరుస. సోల్డరింగ్ ఐరన్ పెట్టగానే చేపల వాసన వస్తే ఇక సందేహమే లేదు. బోర్డును కడగకుండా కొత్తవి వేస్తే కారిన ద్రవం కిందే ఉండిపోయి పని చెడుతుంది. తీసేటప్పుడు బలం పెడితే కింది రాగి బిళ్ల లేచి వస్తుంది, కాబట్టి మొదటి ప్రయోగం పనికిరాని వేరే బోర్డు మీద చేయండి.

ప్రశ్న: ఒక పెట్టెనిండా ఫ్లాపీలు దొరికాయి, 5.25 అంగుళాలవీ 3.5 అంగుళాలవీ. కొన్నింటి మీద తెల్ల మచ్చలున్నాయి. ఎలా చదవాలి? (ఒక లైబ్రేరియన్)

జవాబు: మీ ఉత్తరం చూసి సంతోషించాను, ఎందుకంటే పారేయకముందు అడిగారు. తెల్ల మచ్చలు బూజువి. ఆ ఫ్లాపీలను వేరుచేసి పెట్టండి, బూజు పట్టినది డ్రైవులో పెడితే హెడ్ ఖరాబై తర్వాత పెట్టిన మంచి ఫ్లాపీని గీరేస్తుంది. ముందు ప్రతి ఫ్లాపీ మీదా రాత కుదరకుండా చేయండి. ఇక్కడ రెండు సైజులదీ రెండు దారులు: 5.25 అంగుళాలదానికి పక్కనున్న గాటును కాగితం అంటించి మూయాలి, 3.5 అంగుళాలదానికి మూలనున్న రంధ్రాన్ని తెరిచి ఉంచాలి. ఒకటి మూస్తే రక్ష, ఇంకొకటి తెరిస్తే రక్ష.

చదవడానికి గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డు తెప్పించుకోండి. పాత డ్రైవుకూ కొత్త కంప్యూటర్‌కూ మధ్య దీన్ని తగిలిస్తే, అది ఫైళ్లను కాక ఫ్లాపీ మీది అయస్కాంత మార్పులనే ఉన్నదున్నట్టు నమోదు చేస్తుంది. ఏ కంపెనీ ఏ పద్ధతిలో రాసిందో తర్వాత తీరికగా తేల్చుకోవచ్చు. ఫ్లాపీకి వయసు మీరుతోంది కాబట్టి ఒక్కసారి తిరిగినప్పుడే అంతా పట్టుకోవడం మేలు. డ్రైవు కీచుమంటే వెంటనే ఆపేయండి, పూత ఊడుతోందని అర్థం. ప్రతి కొన్ని ఫ్లాపీలకు ఒకసారి హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

బూజువాటిని చివర పట్టుకోండి. 5.25 అంగుళాల తొడుగు ఒక అంచు కత్తిరించి, లోపలి పల్చటి చక్రాన్ని బయటికి తీసి, ఆల్కహాల్‌లో తడిపిన మెత్తటి గుడ్డతో తేలిగ్గా అద్ది, ఆరాక మరో ఖాళీ తొడుగులో పెట్టి చదవవచ్చు. ఇంకొక హెచ్చరిక: 360 కిలోబైట్ల ఫ్లాపీని 1.2 మెగాబైట్ల డ్రైవులో చదవవచ్చు గాని రాయవద్దు. ఆ డ్రైవు హెడ్ సన్నం, అది సన్నగా రాసిన గీతను పాత డ్రైవు తడబడుతూ చదువుతుంది.

ప్రశ్న: పాత కంప్యూటర్‌ను కొత్తదానిలో అనుకరించే ఎమ్యులేటర్ ప్రోగ్రామ్‌లో అన్నీ నడుస్తున్నప్పుడు ఈ ఇనుప సామాను ఎందుకు? (ఒక విద్యార్థిని)

జవాబు: ఆ కాలపు ఆట ఆడాలన్నా, ప్రోగ్రామ్ చూడాలన్నా ఎమ్యులేటర్ చాలు, సందేహం లేదు. నేనూ వైస్, 86బాక్స్ వాడుతుంటాను. కాని ఆ ఎమ్యులేటర్ సరిగ్గా నడుస్తోందో లేదో తేల్చేది అసలు కంప్యూటరే. ఫలానా చిప్ ఫలానా క్షణంలో ఏం చేస్తుందో కొలవాలంటే ఆ చిప్ ఎక్కడో ఒకచోట పనిచేస్తూ ఉండాలి. కాబట్టి రెండూ కావాలి. మీ చేతిలో ఎమ్యులేటర్ ఉంటే మొదలుపెట్టడానికి అది మంచి చోటే.

ప్రశ్న: మావారికి పాత కంప్యూటర్లంటే ప్రాణం. గది నిండిపోయింది, ఏదీ వదులుకోరు. ఏం చేయమంటారు? (ఒక గృహిణి)

జవాబు: ఆయన దగ్గరున్నవాటిలో బ్యాటరీలు తీయనివి ఎన్ని ఉన్నాయో అడగండమ్మా. తీయనివి ఉంటే, అవి గదిలో కూర్చునే పాడవుతున్నాయి. ఎన్నింటిని చూసుకోగలమో అన్నే ఉంచుకోవడం మంచిది. ఏడాదికి ఒకసారైనా మూత విప్పలేని కంప్యూటర్‌ను చూసుకోగల మనిషికి ఇవ్వడం దానికే మేలు. ఈ మాట నా పేరు చెప్పి ఆయనకు చూపించండి, నొచ్చుకోరనే అనుకుంటున్నాను. ఇచ్చేటప్పుడు దానితో వచ్చిన పుస్తకాలు, ఫ్లాపీలు, తీగలు కూడా ఇచ్చేయాలి. విడిపోయిన పుస్తకం మళ్లీ ఆ కంప్యూటర్‌ను చేరడం కష్టం.

ఉంచుకున్నవాటిని నేల మీద కాక అల్మరాలో, ఎండ సోకని చోట పెట్టించండి. ప్లాస్టిక్ సంచుల్లో గట్టిగా కట్టవద్దు, లోపల తేమ చేరుతుంది, నూలు గుడ్డ కప్పితే చాలు. ఈప్రామ్ చిప్పుల గాజు కిటికీ మీది కాగితం ఊడి ఉంటే మళ్లీ అంటించమని చెప్పండి, ఎండ చాలాకాలం తగిలితే అందులోని ప్రోగ్రామ్ చెరిగిపోతుంది. ఒక నోటుపుస్తకంలో ప్రతి కంప్యూటర్‌కు ఒక పేజీ కేటాయించి, ఎప్పుడు విప్పారో, ఏం మార్చారో, తీసిన భాగం ఏ డబ్బాలో ఉందో రాయించండి. ఆ పుస్తకం రాయడం మీరు తీసుకుంటే ఇంకా మంచిది. తీసిన పాత భాగాన్ని పారేయకుండా చీటీ అంటించి ఉంచండి, బ్యాటరీలను తప్ప.